సూది అవునన్నప్పుడు, కాదన్నప్పుడు

మా గురువుగారి పేరు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఆయన పుస్తకాలు కావు. ఒక 10 మిల్లీలీటర్ల సిరంజి, దానికి తగిలించిన సన్నసూది, రెండు గాజు పలకలు. ముప్ఫై ఏళ్ళు నాకు అన్నం పెట్టినవి అవే కాబట్టి, ఆయన స్మృతిలో వాటి గురించే మాట్లాడతాను.

మెడలోనో చంకలోనో బిళ్ళ కడితే మన ఇళ్ళలో మొదట అడిగేది "నొప్పిగా ఉందా?" అని. లేదంటే ఊపిరి పీల్చుకుంటారు. తిరకాసంతా అక్కడే ఉంది. కాలికి పుండు పడితే గజ్జల్లో కట్టే బిళ్ళ నొప్పెడుతుంది, పుండు మానాక అణుగుతుంది. క్యాన్సర్ దిగిన బిళ్ళ చాలాసార్లు నొప్పి లేకుండా, రాయిలా గట్టిపడి, కదలకుండా కూర్చుంటుంది. ఎడమ కాలరెముక పైన అలాంటిది చేతికి తగిలితే వైద్యుడు పొట్ట కూడా పట్టి చూడాలి. కడుపులో పుట్టిన క్యాన్సర్ అక్కడ తేలవచ్చని 19వ శతాబ్దంలోనే విర్కో అనే వైద్యుడు చెప్పాడు.

ఇలా బిళ్ళకట్టే లింఫు గ్రంథిని సూదితో పొడవడం మొదలైంది క్యాన్సర్ కోసం కాదు. 1904లో గ్రెగ్, గ్రే అనే ఇద్దరు సైనిక వైద్యులు ఆఫ్రికాలో నిద్రజబ్బు రోగుల గ్రంథుల్లోంచి రసం లాగి, అందులో పరాన్నజీవుల్ని చూశారు. 1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ కలిసి క్యాన్సర్ గడ్డల మీద ఈ పద్ధతిని ప్రకటించారు. వాళ్ళు వాడింది 18 గేజి సూది. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఇప్పుడు మేం వాడేవి 22 నుంచి 25 దాకా. ఆ సన్నసూదికి పరువు తెచ్చింది స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్యులు. మార్టిన్ స్వయంగా సర్జన్. అయినా మెడ గడ్డను తొందరపడి కోయొద్దనీ, ముందు నోరూ గొంతూ వెతకమనీ మొత్తుకున్నవాడు.

పని చూడటానికి చిన్నది. బిళ్ళను రెండు వేళ్ళ మధ్య బిగించి పట్టుకోవాలి. స్పిరిట్ దూదితో తుడిచి సూది దించి, పిస్టన్ వెనక్కి లాగి, ఆ పట్టుతోనే నాలుగు దిక్కులా ముందుకీ వెనక్కీ ఆడించాలి. బయటికి తీసేముందు పిస్టన్ వదిలెయ్యాలి. మరిచిపోతే సరుకంతా సిరంజిలోకి ఎగిరిపోతుంది. మనకు కావలసింది సూది గొట్టంలో ఉన్న చుక్క మాత్రమే. దాన్ని పలకల మీద పరిచి, కొన్నిటిని గాలికి ఆరబెడతాం, కొన్నిటిని తడి ఆరకముందే ఆల్కహాలులో ముంచుతాం. మామూలు గ్రంథి మైక్రోస్కోపు కింద ఆవాలు చల్లినట్టుంటుంది. వాటి మధ్య పెద్ద కేంద్రకాలతో, వంకరటింకర కణాలు గుంపులుగా కనబడితే అవి ఆ ఇంటివి కావు. నోటి క్యాన్సర్ కణమైతే, పలకకు వేసే పాప్ రంగులో నారింజ వర్ణానికి తిరుగుతుంది. ఒకసారి చూసిన కన్ను దాన్ని మరవదు.

నేను కొత్తలో చేసిన తప్పొకటి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, దవడ కింద బిళ్ళ. చీటీ మీద "మెడ గడ్డ, సూది పరీక్ష" అని తప్ప ఇంకేమీ లేదు. సూదిలోకి చీములాంటి పసుపు నీరు వచ్చింది. పలక మీద చచ్చిన కణాల చెత్త తప్ప ఏమీ లేదు. మన దేశంలో మెడ బిళ్ళంటే ముందు తట్టేది క్షయ, పాతవాళ్ళ మాటలో గండమాల. నేనూ అదే రాయబోయాను. గురువుగారు పలక చూసి, "నోరు తెరిపించావా?" అన్నారు. తెరిపించలేదు. వెళ్ళి చూస్తే అంగిట్లో పుండు. ఆవిడ చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే మనిషి; మన కోస్తాలో ఆ అడ్డపొగ ఎందరి అంగిళ్ళు కాల్చిందో మీకు తెలుసు. మళ్ళీ పొడిచాను, ఈసారి నీరున్న నడిమి భాగంలో కాదు, బిళ్ళ అంచున. నారింజ కణాలు దొరికాయి.

అందుకే నా తీర్పు ఇది. పలక నిండుగా ఉండి సూది "ఉంది" అంటే నమ్మవచ్చు. "లేదు" అంటే మాత్రం, బిళ్ళ అలాగే ఉన్నంతకాలం ఆ మాట ముగింపు కాదు. మళ్ళీ పొడవాలి, అల్ట్రాసౌండ్ చూస్తూ పొడవాలి, అదీ తేల్చకపోతే ముక్క తియ్యాలి. గ్రంథిలోనే పుట్టే లింఫోమాకు ముక్క పరీక్ష ఎలాగూ కావాలి. విడి కణాలు గ్రంథి అల్లికను చూపించలేవు.

"సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది" అనే భయం ఒకటుంది. సన్నసూదితో అలా జరగడం బహు అరుదు. ఆ భయంతో ఆరునెలలు పసర్లు పూసుకుంటూ కూర్చోవడమే అసలు నష్టం.

ఇక్కడున్న హౌస్ సర్జన్లకు ఒక్క మనవి. చీటీ మీద ఇంకో రెండు వరుసలు రాయండి: ఎన్నాళ్ళుగా ఉంది, పొగాకు అలవాటుందా, నోరు చూశారా. మీ రాత కోడిగీతలైనా పరవాలేదు, మేం చదువుకుంటాం.