నీళ్ల బొమ్మలు వేసిన మధిర మనిషి

(రాజంపేటలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఊరేగింపుల్లో బ్యానరు మోసినోళ్లం మేము. తెల్లగుడ్డ మీద ఎర్ర అక్షరాలు రాసే పెయింటరన్నకు రాత్రిపూట టీ తెచ్చిచ్చినోళ్లం. రంగులతో మాకున్న చుట్టరికం అంతే. అట్లాంటి మేము ఆయిల్ పెయింటింగ్ గురించి మాట్లాడటమేమిటని మీకు అనుమానం రావచ్చు.

కానీ రంగు మనకు పరాయిది కాదు. పక్కనే మంగంపేట. అక్కడి ముగ్గురాయిలో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోటికి పోతుంది. కొంత రంగుల ఫ్యాక్టరీలకు పోతుంది, పొడి కొట్టి పెయింటులో కలుపుతారు. శేషాచలం ఎర్రచందనాన్ని గుడ్డలకు రంగు అద్దడానికి ఒకప్పుడు యూరపు దేశాలు కొనుక్కుపోయినాయి. రాయి మనది, కట్టె మనది. బొమ్మ మాత్రం ఎక్కడో గ్యాలరీలో ఉంటుందని, అది మనది కాదని అనుకుంటాం.

సూర్యప్రకాశ్ గ్యాలరీలో పుట్టలేదు. 1940లో ఇప్పటి ఖమ్మం జిల్లా మధిరలో పుట్టినాడు. మధిర కూడా మన రాజంపేట లాగా రైలుకట్ట పక్కన ఊరే. హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, ఢిల్లీ పోయి రామ్‌కుమార్ దగ్గర మెళకువలు నేర్చుకున్నాడు. కాశీని మనుషుల్లేకుండా చిత్రించిన రామ్‌కుమారే ఆయన. సూర్యప్రకాశ్ 2019లో చనిపోయినాడు.

మొదట ఆయన పట్టుకున్నది తుక్కు. పారేసిన కార్లు, తుప్పు పట్టిన ఇనుము. అవి మాకు వెంటనే నచ్చినాయి. మనిషి చేతులు చేసిన వస్తువు, వాడుకుని విసిరేసిన వస్తువు! దాని మీద ఎంత ఉపన్యాసమైనా ఇవ్వొచ్చు. తర్వాత ఆయన చెట్లూ, ఎండుటాకులూ, కొలనుల వైపు తిరిగినాడు. అక్కడ మాకు చిక్కొచ్చింది. ‘జనం యాడున్నారు ఇందులో?’ అని మేమూ అడిగినాం. ఉద్యమంలో తిరిగినోళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న అదే కదా.

ఈ జిల్లాలో నీళ్లను ఊరికే చూడటం మనకు అలవాటు లేదు. బోరులో ఎన్ని అంగుళాలు పడింది, ట్యాంకరు ఎప్పుడొస్తుంది, ఇవే మన లెక్కలు. లేకుంటే 2021 నవంబరు. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి మీద పడింది. మన వాళ్లను పోగొట్టుకున్నాం. ఆ ఊర్ల వాళ్లు ఈ హాల్లోనూ ఉండొచ్చు. ఇంత జరిగినాక ఎవరో వేసిన కొలను బొమ్మను ‘అందంగా ఉంది’ అనడం మాకు చేతకాలేదు. చాలా రోజులు పక్కన పెట్టినాం.

మళ్లీ చూడటానికి కారణం పనితనం. నూనె రంగు నీటి రంగులాగా ఆరిపోదు. అవిసె నూనె గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది, రోజులు పడుతుంది. ఆ లోపల పచ్చిరంగు మీద పచ్చిరంగు వేసి అంచులు కరిగించొచ్చు. ఆరినాక పలచటి పూత వేస్తే కిందిరంగు లోపలి నుంచి కనిపిస్తుంది. నీటి మీది ఆకు, నీటిలోని నీడ, అడుగున చీకటి, ఈ మూడూ ఒకే గుడ్డ మీద నిలవాలంటే ఓపిక కావాలి. వరదలో నీళ్లకు లోతు కనపడదు, బురదే కనపడుతుంది. ఆయన నీళ్లలో లోతు కనపడుతుంది. జనం లేరంటిమే, ఒడ్డున నిలబడి చూసే చోటు మనకు వదిలిపెట్టినాడు. మాకు అట్లా తోచింది. మీకు తోచకపోతే వాదించండి, వింటాం.

ఇంకొక మాట. ఆయన చాలాకాలం హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆస్థాన చిత్రకారుడుగా పనిచేసినాడు. అక్కడికి పల్లెల నుంచి వచ్చేవాళ్లు బొమ్మలు కొనేవాళ్లు కాదు. చూపు కోసం వచ్చేవాళ్లు.

ఈ ప్రింట్లు ముందు వరస నుంచి వెనక్కి పంపండి. ముఖం దగ్గర పెట్టుకోవద్దు, చెయ్యి చాచి చూడండి. ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి, జాగ్రత్త. మాకున్నవి ఇవే.