తాబేటిపిల్లకు వలసిన తేమ



నేపర్‌విల్ నగరమున ఈ తెలుగు బడి చదువు ముగించి మీరు పట్టాలందుకొను శుభవేళ మరణప్రసంగ మేలయని కొందరు శంకింపవచ్చును. అయినను, మీలో ఒకరి యింట పెరుగుచుండిన సల్కాటా తాబేటిపిల్ల గడచిన శీతకాలమున అసువులు బాసెననియు, ఆ దుఃఖమును చెప్పుకొనగా “తాబేలేగదా, మరియొకటి కొందము” అని పెద్దలే తేలికచేసిరనియు వినినది మొదలు, నేడు దానిని గూర్చియే పలుకవలెనని నిశ్చయించుకొంటిని. ఆ శోకము బాల్యచాపల్యము కాదు. శ్రీకాకుళము చెంత శ్రీకూర్మక్షేత్రమున, కూర్మనాథుని ఆలయప్రాంగణముననే నక్షత్ర తాబేళ్ళను పోషించుకొను మనవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే చచ్చిన ప్రాణికి మనము తీర్పవలసిన ఋణ మొకటి కలదు; అది యేల పోయెనో తెలిసికొనుట. కళేబరమును గడ్డకట్టనీయక ఫ్రిజ్‌లో చల్లగ నుంచి, సరీసృపముల నెరిగిన పశువైద్యునిచే సత్వరమే పరీక్ష చేయించినచో పెక్కుసార్లు కారణము బయటపడును. సల్కాటా సహారా దక్షిణపుటంచున పుట్టిన జీవి గనుక పొడిగాలియే దానికి హితమని పెంపకందారులు చిరకాలము నమ్మిరి. కాని అచ్చటి తాబేళ్ళు ఎండ ముదిరినపుడు లోతైన కలుగులు త్రవ్వుకొని నేలలోని తేమను ఆశ్రయించును. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయమువారు 2003లో ప్రచురించిన పరిశోధనయందు, డిప్పపై గుబ్బలు లేచుటకు ఆహారమందలి మాంసకృత్తులకంటె గాలిలోని పొడితనమే ప్రధానకారణమని తేలెను. ఇల్లినాయ్ చలికాలమున హీటరు నిరంతరము తిరుగు మన యిండ్లలోని గాలి యెట్టిదో పగిలిన మన పెదవులే చెప్పును. అట్టి గాలిలో, మూతలేని గాజుతొట్టిలో, వేడిదీపము క్రింద నుంచిన పిల్ల ఆకులు తినుచున్నట్లే కనబడుచు, లోలోపల ఎండి, మూత్రపిండములు చెడి నశింపవచ్చును. కావున మూసిన పెట్టెలో 80 శాతము తేమ నిలుపవలయును; ప్రతిదినము గోరువెచ్చని నీట, తల మునుగనంత లోతున, దానిని నానవేయవలయును. యూవీబీ దీపము, గడ్డి, కలుపుమొక్కల ఆకులు, కొలదిగ కాల్షియము చాలును.

తాబేళ్ళను కాపాడుటకు ఎంతటి ఓర్పు వలయునో మన చెంతనే చూడవచ్చును. మన డూపేజ్ కౌంటీలో 1996 నుండి ఫారెస్ట్ ప్రిజర్వ్ డిస్ట్రిక్టువారు, పసుపుపచ్చని గొంతుగల బ్లాండింగ్ తాబేళ్ళ గ్రుడ్లను పొదిగించి, పిల్లలను కొంత పెంచి చిత్తడినేలల విడుచుచున్నారు. ఆ జాతి ఆడుది గ్రుడ్లు పెట్టు వయస్సు చేరుటకు 14 మొదలు 20 ఏండ్లు పట్టును. అనగా నేడు విడిచిన పిల్లల సంతతిని చూచుటకు రెండు దశాబ్దములు వేచియుండవలసి వచ్చును. మీ పుట్టుకకు పూర్వమే ఇంతటి ఓర్పుతో పని నారంభించినవారి యెడ నాకు మిక్కిలి గౌరవము.

ఆ సల్కాటా పిల్లకై, బిడ్డను కోల్పోయినట్లు విలపించిన తల్లీ! మరియొక పిల్లను తేదలచితివేని, ముందు పెట్టె నమర్చి, ఉష్ణమాపకమును తేమమాపకమును అందుంచి, రేయింబవళ్ళు ఆ యంకెలు నిలకడగ నున్నవని చూచుకొనిన పిమ్మటనే తెమ్ము. అది యాబదేండ్లకు పైబడి బ్రదుకగలదు. చదువునకో కొలువునకో నీవు ఊరు మారినపుడు దాని నెవరు చూతురో ఈనాడే నీవారితో మాటలాడుకొనుము.