ఇంటికి పునాది - కాన్పుకు ఎడం

(ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగే దంపతుల సమావేశం కొరకు తయారుచేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ సంక్షేమం మీద ప్రసంగమనగానే "మళ్లీ ఆపరేషన్ సంగతే చెబుతారు" అని కొందరు వెనుక వరుసలోకి జరుగుతారు. అక్కడికి తరువాత వద్దాం. ముందు ఇంటి సంగతి మాట్లాడుకుందాం. మీలో చాలామంది అద్దె కొంపలోనో, అన్నదమ్ములందరూ కలిసివున్న పాత పెంకుటింట్లో ఒక్క గదిలోనో కాపురం చేస్తున్నారు. మాకంటూ ఒక ఇల్లు వుండాలి, దానికి స్లాబు వుండాలి, మరుగుదొడ్డి వుండాలి అన్న కోరిక మీ అందరికీ వున్నది. అది న్యాయమైన కోరిక.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఏ వూరికి వెళ్లినా బేస్‌మెంటు దగ్గరో, మొండి గోడల దగ్గరో ఆగిపోయిన ఇల్లు ఒకటైనా కనబడుతుంది. గోడల మధ్య తుమ్మమొక్కలు మొలిచి వుంటాయి. ఎందుకాగిందని అడిగితే కారణం సాధారణంగా మూడు మాటలలో వుంటుంది: చేతిలో సొమ్ము చాలలేదు, ఆస్పత్రి ఖర్చు మీద పడింది, అప్పు పెరిగింది. ఈ మూడింటికీ ముందుగానే విరుగుడు ఆలోచించుకోవచ్చును. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి గదా!

చేతి సొమ్ము ఎందుకు?

"ప్రభుత్వం ఇల్లు ఇస్తుంది గదా, మేము దాచేదేమిటి?" అని అడుగుతారు. ప్రభుత్వ సాయం వున్నది, నిజమే. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతాలలో ఇంటికి 1,20,000 రూపాయలు ఇస్తారు. ఇల్లు 25 చదరపు మీటర్లకు, అనగా సుమారు 270 చదరపు అడుగులకు తగ్గకూడదు. తెలంగాణలో 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో స్వంత స్థలం వున్న పేదలకు 5 లక్షల రూపాయలు మంజూరు చేస్తున్నారు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ సొమ్ము ఒకేసారి మూటగట్టి ఇచ్చేది కాదు. పని ఎంతవరకు వచ్చిందో చూచి విడతలుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇందిరమ్మ ఇంటికైతే బేస్‌మెంటు పూర్తయిన తరువాతనే మొదటి బిల్లు వస్తుంది. మరి ఆ బేస్‌మెంటు వరకు రాయి, ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి ఎక్కడి నుండి వస్తాయి? మీ చేతి నుండే రావాలి. చేతిలో లేనివారు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. 60,000 తెస్తే నెలకు 1,800, యేడాదికి 21,600 వడ్డీ. అసలు తీర్చకుండా వడ్డీ మాత్రమే కడుతూపోతే మూడేళ్లలో 64,800 అవుతుంది. అసలు కంటె వడ్డీయే ఎక్కువ! అందువలన ఇంటికి మొదటి పునాది రాయి మీ పొదుపు పుస్తకమే.

ఎక్కడ దాచాలి?

పోస్టాఫీసులో 5 సంవత్సరాల రికరింగ్ డిపాజిట్ వున్నది. నెలకు 100 రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చును. భార్యాభర్తలిద్దరి పేరు మీద కూడా తెరువవచ్చును. 2023 అక్టోబరులో దీని వడ్డీ రేటును సాలుకు 6.7 శాతం చేశారు. ప్రభుత్వం మూడు నెలలకొకసారి రేటును పరిశీలిస్తుంది గనుక చేరేనాడు ఎంత వున్నదో అడిగి తెలుసుకోండి. 6.7 శాతం లెక్కన నెలకు 1,000 కడితే అయిదేళ్లలో మీరు కట్టేది 60,000, చేతికి వచ్చేది 71,366 రూపాయలు.

"మాకు నెల జీతం లేదు, నెలనెలా ఎలా కడతాం?" అంటారా? పనులు లేని వేసవి నెలలో కూడా కట్టగలిగినంత మొత్తమే రాయించుకోండి. 1,000 కష్టమైతే 500 చాలు. పత్తి అమ్మినప్పుడో, నాట్లు, కోతల కూలి ఒక్కసారి చేతికి వచ్చినప్పుడో ఆరు నెలల వాయిదాలు ముందుగానే కట్టివేయండి. దానికి కొంత తగ్గింపు కూడా ఇస్తారు. ఒక నెల తప్పితే నూటికి ఒక రూపాయి అపరాధ రుసుము పడుతుంది, అంతే. యేడాది పాటు పన్నెండు వాయిదాలు కట్టిన తరువాత అవసరమొస్తే ఖాతాలో వున్నదానిలో సగం వరకు అప్పుగా తీసుకోవచ్చును.

అక్కలకు పొదుపు సంఘం వుండనే వున్నది. మన తెలుగు పల్లెల స్త్రీలకు పొదుపు కొత్త కాదు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి సారా మీద పోరాటం లేచింది. ఆ తరువాత అక్కడి స్త్రీలు రూపాయి, రూపాయి చొప్పున పొదుపు బాట పట్టారు. సంఘంలో నెలకు 200 వేసినా అయిదేళ్లకు 12,000 అసలు నిలుస్తుంది. బ్యాంకు అప్పు కూడా ప్రైవేటు వడ్డీ కంటె తక్కువకు దొరుకుతుంది. చీటీల విషయంలో మాత్రం జాగ్రత్త. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీలు నడిపేవారు రిజిస్టరు చేయించుకోవాలి. మన వీధివాడే, మన కులంవాడే అన్న నమ్మకంతో రసీదు లేకుండా ఇంటి సొమ్ము పోయకండి.

ఎక్కడ తగ్గించాలి? ఎక్కడ తగ్గించరాదు?

దుప్పటి వున్నంత వరకే కాళ్లు చాపమన్నారు. రోజుకు 20 రూపాయలు గుట్కాకో, సిగరెట్టుకో పోతే నెలకు 600, యేడాదికి 7,200. వారానికి 300 రూపాయలు మందుకు పోతే యేడాదికి 15,600, అయిదేళ్లకు 78,000. అన్నలూ, కోపగించుకోకండి. అయిదేళ్ల పోస్టాఫీసు డిపాజిట్ కంటె ఎక్కువ సొమ్ము సీసాలో పోసినట్లు గదా! అలాగే బారసాలకు, పుట్టువెంట్రుకలకు, ఓణీల ఫంక్షనుకు షామియానా, వీడియో, వందల మందికి మాంసం భోజనం. పక్కవారు చేశారని మనమూ అప్పు తెచ్చి చేయడం. వేడుక వద్దనను. ఇంటి వరకు చేసుకోండి.

అయితే పొదుపంటే పొట్ట మాడ్చుకోవడం కాదు. గర్భిణి గుడ్డు, పప్పు, ఆకుకూర, పాలు తగ్గించరాదు. పసిబిడ్డ తిండి తగ్గించరాదు. అంగన్‌వాడీలో ఇచ్చే పౌష్టికాహారం, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలు మీ హక్కు, వదలుకోకండి. 2011 నుండి ప్రభుత్వ ఆస్పత్రులలో కాన్పు, పెద్దాపరేషనైనా సరే, మందులు, పరీక్షలు, భోజనం, రానుపోను బండితో సహా ఉచితం. ఇది తెలియక, లేక ఆఖరి గడియలో కంగారుపడి ప్రైవేటు వాకిలి తొక్కి, ఇంటి సొమ్మంతా అక్కడ కట్టి వచ్చేవారు వున్నారు. ఏడవ నెలలోనే ఏ ఆస్పత్రికి, ఏ బండిలో, తోడు ఎవరు అన్నది నిశ్చయించుకొని ఆశా కార్యకర్తకు చెప్పి వుంచండి.

ఇక కాన్పుల మధ్య ఎడం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంటికీ, కాన్పుకూ సంబంధమేమిటి?

మన పల్లెలలో ఒక మాట వినబడుతూ వుంటుంది. "ఇద్దరినీ వెంటవెంటనే కనేస్తే, ఆపరేషన్ చేయించుకుంటే, ఒక పని అయిపోతుంది." అత్తగారు అదే అంటారు, అమ్మ కూడా అదే అంటుంది. వారు ప్రేమతోనే అంటారు. కాని లెక్క వేసి చూద్దాం.

కూలికి వెళ్లే ఒక జంటను అనుకుందాం. భర్తకు యేడాదిలో 200 దినాలు పని, దినానికి 600 చొప్పున 1,20,000. భార్యకు 150 దినాలు, 350 చొప్పున 52,500. కాన్పుకు ముందు మూడు నెలలు, తరువాత ఆరు నెలలు ఆమె పనికి వెళ్లరాదు. అంటే సుమారు 110 దినాలు, 38,500 రూపాయల రాబడి ఆగుతుంది. ఒక కాన్పుకు ఇది తప్పదు, తప్పించుకోవలసినదీ కాదు. ఆ విశ్రాంతి తల్లీబిడ్డల హక్కు. అయితే మొదటి బిడ్డ చంకలో వుండగానే రెండవ గర్భం వస్తే ఏమవుతుంది? పనికి తిరిగి వెళ్లిన కొద్ది నెలలకే మళ్లీ ఆగాలి. వరుసగా రెండేళ్లు ఒంటి రెక్క మీద సంసారం నడవాలి. ఇద్దరు పసివాళ్ల పాలు, మందులు ఒకేసారి. అప్పుడు మొదట ఆగేది పోస్టాఫీసు వాయిదా, తరువాత తెరుచుకొనేది వడ్డీ వ్యాపారి తలుపు.

సొమ్ము మాట అటుంచండి. కాన్పులో పోయిన రక్తం, బలం తిరిగి కూడటానికి తల్లి శరీరానికి సమయం కావాలి. అందుకే బిడ్డ పుట్టిన తరువాత కనీసం రెండేళ్లు ఆగి మరో గర్భం ధరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం. ఏడాదిన్నర లోపలే మళ్లీ గర్భం వస్తే నెలలు నిండక పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. అలాంటి బిడ్డకు ఆస్పత్రిలో అద్దాల పెట్టె అవసరం కావచ్చును. ఏ పొదుపూ ఆ దుఃఖాన్ని తీర్చలేదు.

పిల్లలు ఇంటికి అడ్డమని నేను చెప్పడం లేదు. పిల్లల కోసమే గదా ఇల్లు! ఎందరన్నది మీ ఇద్దరి ఇష్టం, ఎవరి బలవంతమూ పనికిరాదు. తెలుగు రాష్ట్రాలలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే సగటున ఇద్దరి కంటె తక్కువ మంది పిల్లలు. కాబట్టి నేటి ప్రశ్న ఎందరని కాదు, ఎప్పుడని. 20 యేండ్లు నిండిన తరువాత మొదటి కాన్పు, మూడేళ్ల ఎడంతో రెండవది. ఆ మూడేళ్లలో వాయిదాలు తప్పకుండా సాగుతాయి.

ఎడం కొరకు ఏమి వున్నాయి?

కాపర్-టి: కాన్పు అయిన 48 గంటలలోపు ఆస్పత్రిలోనే వేయించుకోవచ్చును, లేదా ఆరు వారాల తరువాత. రకాన్ని బట్టి 5 లేక 10 సంవత్సరాలు పనిచేస్తుంది. కావలసినప్పుడు తీయించుకుంటే మళ్లీ గర్భం వస్తుంది. మొదటి కొద్ది నెలలు బహిష్టు ఎక్కువ కావచ్చును. అది గుండెకు పాకుతుందన్న మాట వట్టిది.

అంతర ఇంజక్షన్: మూడు నెలలకొకసారి. పాలిచ్చే తల్లులు ఆరు వారాల తరువాత తీసుకోవచ్చును. బహిష్టు క్రమం మారవచ్చును, ఆగిపోవచ్చును కూడా. భయపడకండి, చెడు రక్తమేదీ లోపల నిలిచిపోదు. మానిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఛాయ మాత్ర: మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి. పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు.

మాలా-ఎన్: రోజుకొక మాత్ర. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు పాలిచ్చే తల్లులు వాడరాదు.

నిరోధ్: బాధ్యత భర్తది. గర్భాన్నే గాక సుఖవ్యాధులను కూడా ఆపుతుంది.

ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. ఎవరికి ఏది తగునో పరీక్షించి ఏ.ఎన్.ఎం. గాని, డాక్టరు గాని చెబుతారు.

ఇక పిల్లలు చాలనుకున్నవారికి ఆపరేషన్. మన దగ్గర ఆ భారం దాదాపు ఎప్పుడూ స్త్రీ మీదనే పడుతున్నది. కోత లేని వేసెక్టమీ కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి పోవచ్చును. మగతనం తగ్గదు, నాగలి పట్టే బలం తగ్గదు. కాకపోతే మూడు నెలల వరకు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి. కాన్పు బాధ ఆమె పడింది, ఈ ఒక్కటి మనం పడదామని భర్తలు ఆలోచించాలి.

ఈ రాత్రికే చేయవలసినది

ఇంటికి వెళ్లి, పిల్లలు నిద్రపోయిన తరువాత, ఇద్దరూ కూర్చోండి. పాత నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాయండి. పనులు లేని నెలలో కూడా ఎంత దాచగలం? దేని ఖర్చు మానుకోగలం? తరువాతి బిడ్డ ఎప్పుడు కావాలి? అంతవరకు ఏ పద్ధతి వాడదాం? ఇవి ఒకరు చెప్పి ఒకరు తలవూపే సంగతులు కావు. ఇందిరమ్మ ఇల్లు ఇంటి ఆడవారి పేరు మీద ఇస్తారు. ఆవాస్ పథకంలో సైతం చాలావరకు భార్య పేరునో, ఇద్దరి పేరునో రాస్తారు. పత్రంలో ఆమె పేరు వున్నప్పుడు లెక్కలో ఆమె మాట కూడా వుండాలి గదా!

మరొక్క మాట. ప్రధానమంత్రి సురక్షా బీమా యేడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు. బ్యాంకులో అడిగి చేరండి. సంపాదించే చేయికి ఏదైనా అయితే ఇల్లు సగంలో ఆగిపోకుండా అవి కాస్త ఆదుకుంటాయి.

ఎర్ర త్రికోణం గుర్తు ఈ కేంద్రం గోడ మీద వున్నది. ఆ గుర్తు కింద మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు, మీ సంగతి బయట చెప్పరు. సందేహముంటే భార్యాభర్తలిద్దరూ కలిసి రండి. వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం కూడా తెచ్చుకోండి, లెక్క కలిసి చూద్దాం.