విషవాయువు వెలువడినపుడు



విషమును, మండు గుణమును రెండును గల వాయువులలో హైడ్రోజన్ సల్ఫైడు ఒకటి. స్వల్పముగా ఉన్నపుడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేయును. వంటగ్యాసు విషయమున వాసన తగ్గుట మంచి గుర్తని ఇండ్లలో అలవాటు. ఇచ్చట ఆ అలవాటు పనికిరాదు. గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 100 పాళ్ళు చేరుసరికి ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. భయము తీరినదని లోనికి పోయినవాడు అచ్చటనే కూలును. అతనిని లేవనెత్తబోయిన స్నేహితుడును అంతే. తోడివాడు కన్నుల యెదుట పడియుండగా ఆగుమనుట కఠినమే. అయినను, వీపున గాలి సిలిండరు గల శ్వాససాధనము లేనిదే అడుగు వేయరాదు. ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనుట వలన ప్రయోజనము లేదు.

ఈ వాయువు గాలికన్న కొంచెము బరువు; పల్లములలో నిలుచును. కావున గాలి వచ్చుచున్న వైపునకు, మెరకకు పోవలెను. కారుచున్న చోటినుండి అన్ని వైపుల కనీసము 100 మీటర్లు, టాంకరు మంటలో చిక్కినచో 1600 మీటర్లు జనమును తొలగింతురు.

కారుట ఆపుటకు వీలుకానిచో మంటను ఆర్పరాదు. ఆర్పినచో వాయువు కంటికి కానరాక వ్యాపించి, వేరొకచోట నిప్పు తగిలి ప్రేలును. నీరు ప్రక్క సిలిండర్లను చల్లార్చుటకే గాని, కారుచున్న రంధ్రముపై చిమ్ముటకు కాదు.

ఇట్టి సరకు మోయు వాహనముపై గుర్తింపు పలక ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు విధించినవి. హైడ్రోజన్ సల్ఫైడునకు అంకె 1053. అది దూరమునుండి కనబడినచో 112కు ఫోను చేసి ముందుగా దానినే చెప్పవలెను. చదువుటకై దగ్గరకు పోరాదు.