రాజధాని కూడలి



నగరనిర్మాణ శాస్త్రమును వాస్తువిద్యను అభ్యసించి, పటము గీయు చేతిని, కొలత తప్పని కంటిని సంపాదించుకొని ఈ ప్రాంగణమును విడిచి వెళ్ళుచున్న మీకు ఏమి చెప్పవలెనని యోచించినప్పుడు, ఇట్టి స్నాతకోత్సవ సభలలో సర్వసాధారణముగ వినవచ్చు ఆశీర్వచనములకంటె, మీ చేతికి త్వరలోనే రానున్న ఒక పనిని గూర్చి మాటలాడుటయే మీయెడ గౌరవమని నాకు తోచినది. రాజధానికి నడిబొడ్డు ఎచ్చట నుండవలెను, అచ్చటికి జనులు ఎట్లు చేరవలెను, చేరినవారు ఒక వాహనము దిగి మఱియొకదాని నెక్కు చోటు ఏ రీతి నుండవలెను అనునదియే ఆ పని. తెలుగువారి రాజధాని యొకటి కృష్ణాతీరమున కట్టబడుచున్నది. వేఱొకటి మూసీతీరమున నాలుగు శతాబ్దులకు పైబడి పెరుగుచునే యున్నది. కావున ఈ విచారము మనకు పాఠ్యపుస్తకముల వఱకే పరిమితమైనది కాదు.

దీనికి దృష్టాంతముగ దూరదేశపు నగరము నొకదానిని గ్రహించుచున్నాను. నిర్జనప్రాయమైన పీఠభూమిపై, ఒక్క వాస్తుశిల్పి ఊహనుండి, నాలుగేండ్ల లోపల లేచి నిలిచి రాజధానియై, నేటికి అరువదియేండ్లు మించిన అనుభవమును పరిశీలకుల యెదుట నుంచిన నగరము బ్రెజిల్ దేశపు బ్రసీలియా. సముద్రతీరమందలి రియో డి జనీరోనుండి రాజధానిని దేశాంతర్భాగమునకు మార్చవలెనను సంకల్పము ఆ దేశమున ప్రాతది. 1891 నాటి రాజ్యాంగమే అందులకై మధ్యపీఠభూమిలో భూమిని ప్రత్యేకించినది. 1956లో అధ్యక్షపదవిని చేపట్టిన జుసెలీనో కుబిచెక్ దానిని కార్యరూపమునకు తెచ్చెను. మరుసటి సంవత్సరము జరిగిన ప్రణాళికల పోటీలో గెలిచిన వాస్తుశిల్పి లూసియో కోస్టా సమర్పించినవి కొలది పుటల వ్రాతయు, కొన్ని చేతిగీతలును మాత్రమే. ఆయన పటమునకు మూలము ఒకదాని నొకటి ఖండించు రెండు గీతలు: తూర్పుపడమరలుగ సాగునది ప్రభుత్వమునకు, ఉత్తరదక్షిణములుగ, నేలవాలు ననుసరించి వంగినది ప్రజానివాసములకు. ఆ రెండును కలియు బిందువునందు ఆయన శాసనసభను నిలుపలేదు, దేవాలయమును నిలుపలేదు, విజయస్తంభమును నిలుపలేదు; బస్సుస్టేషనును నిలిపెను.

ఈ నిర్ణయమునొద్ద మీరు కొంతసేపు ఆగవలెనని నా కోరిక. బ్రసీలియాలోని ప్రసిద్ధ సౌధములలో అధికభాగము వాస్తుశిల్పి ఆస్కార్ నీమేయర్ సృష్టి. ఆ నగరపు ఛాయాచిత్రములలో మనకు కానవచ్చునవి అవియే. బస్సుస్టేషనును మాత్రము కోస్టా స్వయముగ రూపొందించెను. దానిని ఆయన ఒక కట్టడముగ కాక, అంతస్తులుగ విడదీసిన నేలగ భావించెను. నగరమును ఉత్తరదక్షిణములుగ దాటిపోవు వేగవాహనములు అడుగున సొరంగమార్గమున సాగిపోవును. బస్సులు నడుమ వచ్చి నిలిచి జనులను దింపి ఎక్కించుకొనును. పైన విశాలమైన కాంక్రీటు వేదిక. బస్సు దిగినవాడు మెట్లెక్కి ఆ వేదిక యంచున నిలిచి తూర్పునకు చూచెనేని, పచ్చికబయలున కిరువైపుల వరుసతీరిన మంత్రిత్వశాఖల భవనములును, వాని కొసన జాతీయ కాంగ్రెసుయొక్క జంట సౌధములును కన్నులకు కట్టును. చేత ఒక సంచి తప్ప మఱేమియు లేక ఏ మారుమూల గ్రామమునుండియో వచ్చిన మనుష్యునకు, రాజధానిలో అడుగిడినంతనే తన ప్రతినిధులు కూర్చుండు సభ దృగ్గోచరమగునట్లు చేసిన శిల్పి ప్రజాస్వామ్యమునకు చేసిన సేవ, నా యభిప్రాయమున, ఆ సభాభవనమును కట్టిన శిల్పి సేవకు తీసిపోదు.

అయినను ఆ వేదిక చుట్టును వెలయునని కోస్టా తలచినది వేఱు. లండనులోని పికడిల్లీ, న్యూయార్కులోని టైమ్స్ స్క్వేర్, పారిస్‌లోని షాంజెలీజే అను మూడింటి లక్షణములు కలిసిన వినోదకేంద్రమును ఆయన ఊహించెను. జరిగినది మఱియొకటి. నగరమును కట్టుటకై ఈశాన్య బ్రెజిల్‌నుండియు ఇతర ప్రాంతములనుండియు వేలకొలది శ్రామికులు తరలివచ్చిరి. కందాంగోలని పేరొందిన ఆ జనులకు, కట్టుట పూర్తియైన పిమ్మట, తాము కట్టిన నగరమున చోటు లేకపోయెను. ప్రణాళిక ఐదులక్షల జనమునకు ఉద్దేశింపబడినది. అది నిండిన తరువాతనే ఉపనగరములు పుట్టవలెనని కోస్టా యాశయము. కాని 1960 ఏప్రిల్ 21న రాజధాని ప్రారంభోత్సవము జరుగుటకు రెండేండ్లు ముందుగనే, 1958లో, తాగ్వాతింగా అను ఉపనగరము వెలసినది. 1971లో, అనధికార నివాసములను నిర్మూలించు కార్యక్రమమున, గుడిసెవాసులను తరలించి సెయిలాందియాను నెలకొల్పిరి. 2022 జనగణన నాటికి ఆ ఫెడరల్ జిల్లా జనాభా 28 లక్షలను దాటినది. అందు అత్యధికభాగము కోస్టా పటమునకు వెలుపలనే నివసించుచున్నది.

ఇండ్లు పటమునకు వెలుపలను, ఉద్యోగములు లోపలను ఉన్నప్పుడు బస్సుకు ఏమగునో మీరు లెక్కవేసి చూడుడు. ఉదయము బండ్లన్నియు క్రిక్కిఱిసి కేంద్రమువైపు పరుగెత్తును, ఇంచుమించు ఖాళీగ మరలును. సాయంకాలము అదియే తలక్రిందులుగ జరుగును. ఎక్కినవాడు చివరివఱకు దిగడు. నడుమ దిగువాని స్థానమున మఱొకడు ఎక్కు అవకాశము స్వల్పము. ఒక్కొక్క ఆసనము ఒక్కొక్క ప్రయాణమున ఒక్క మనుష్యునికే ఉపకరించును. అందువలన సంస్థకు ఖర్చు పెరుగును, ప్రయాణికునకు టికెట్టు భారమగును, భారము మోయలేని ప్రభుత్వము బండ్ల సంఖ్యను తగ్గించును. కేంద్రమునందలి స్టేషనును ఎంత రమ్యముగ కట్టినను ఈ దోషము తీరదు, ఏలయన దాని మూలము స్టేషనులో లేదు, భూవినియోగమున ఉన్నది. నగరకేంద్ర ప్రణాళికను రవాణా విభాగమునకు, గృహనిర్మాణ ప్రణాళికను వేఱొక విభాగమునకు పంచి యిచ్చు అలవాటు మన కార్యాలయములలో ఇప్పటికిని ఉన్నది. మీరు ఉద్యోగమున చేరిన మొదటి నెలలోనే ఈ రెండు దస్త్రములను ఒక్క బల్లపైకి తెప్పింపుడని నేను గట్టిగ కోరుచున్నాను.

కోస్టా స్వయముగ, 1980వ దశకమున, ఒక సాయంకాలము ఆ వేదికపై నడచి చూచెను. తాను కలగన్న నాగరిక వినోదకేంద్రము అచ్చట లేదు; నగరమును కట్టిన జనులును, వారి సంతతియు ఇంటికి పోవు బస్సులకొఱకు గుమిగూడి, తినుచు, మాటలాడుచు, ఆ స్థలమును తమదిగ చేసికొని యుండిరి. తన స్వప్నముకంటె ఈ సత్యమే ఘనమైనదని ఆయన సంతోషముతో చెప్పెను. ఇది మహనీయమైన వినయము, నేనును దానికి శిరసు వంచుదును. అయినను ఇచ్చట నొక్క మాట చెప్పక తప్పదు. శిల్పి మనసు మారినంతమాత్రమున సెయిలాందియాకు పోవు తల్లి ప్రయాణము ఒక్క నిమిషమైనను తగ్గలేదు. నగరమునకే మెట్రోరైలు 2001లో గాని రాలేదు. నగరము పుట్టిన నలువదియేండ్లకు! వచ్చిన రైలు ఆ బస్సుస్టేషనునొద్దనే తుదిముట్టుట మాత్రము కోస్టా గీసిన కూడలి బలమునకు నిదర్శనము.

అచ్చటి కేంద్రభాగమున బ్యాంకులకొక మండలము, హోటళ్ళకొక మండలము, వినోదములకొక మండలమని విభజించి యుండుటచేత, పనివేళ గడచినంతనే అవి నిర్జనములగునని చూచినవారు వ్రాయుదురు. వీథుల వెడల్పు కాలినడకవానికి కష్టము. బస్సువేదిక మాత్రము సజీవము. ఆ స్టేషనులో వేయించిన పిండివంటయు దానితో చెఱకురసమును అమ్ము దుకాణము నగరమంతట ప్రసిద్ధము. మన బస్సుస్టాండులో మిరపకాయబజ్జీల బండియొద్ద నిలిచినవారెవరికిని ఇది పరాయిదిగ తోచదు. కూడలి యెచ్చటనో అంగడి యచ్చట పుట్టును. దానికి పటమున చోటు కేటాయింపని నగరశిల్పి పిమ్మట పోలీసులచేత దానిని తొలగింపజేయుచు కాలము గడపవలసివచ్చును.

ఇక వాహనము మారుటను గూర్చి. కూర్చుండి ప్రయాణించు పది నిమిషములకంటె, నిలుచుండి వేచియుండు పది నిమిషములును, మెట్లెక్కి దిగుచు నడచు పది నిమిషములును ప్రయాణికునకు ఇంచుమించు రెండింతల భారముగ తోచునని రవాణాశాస్త్రజ్ఞులు గ్రహించి, తమ లెక్కలలో చేర్చుకొన్నారు. కాబట్టి కూడలిలో మీరు తగ్గింపగల నూఱడుగుల నడక, దారిలో ఇంజనీరు వేగము పెంచి మిగిల్చిన కాలముకంటె విలువైనది కావచ్చును. హైదరాబాదులో మూసీనది నడుమ, ఇమ్లీబన్‌నందు, 1994లో తెఱచిన మహాత్మాగాంధీ బస్సుస్టేషనునొద్ద 2020 ఫిబ్రవరినుండి రెండు మెట్రోమార్గములు కలియుచున్నవి. జిల్లానుండి వచ్చిన బస్సు దిగినవాడు నగరములోపలి రైలును ఎక్కగల చోటది. అది మంచి పని. కాని సికిందరాబాదులో రైలు దిగి, మెట్రోకు పోవలసిన వృద్ధురాలు మూటతో, మనుమనితో, రోడ్డు దాటి, వాహనముల నడుమ మార్గము వెదకికొనుట చూచినవారికి, దగ్గఱగ నుండుట వేఱు, కలిసియుండుట వేఱు అని తెలియును. మే నెల మధ్యాహ్నమున మన ఎండ యెట్టిదో ఎఱుగని శిల్పి గాజుకప్పు వేసిన చోట జనులు నిలువజాలరు. స్త్రీలకు శుచియైన మరుగుదొడ్డి లేని చోట వారు దాహమైనను నీరు త్రాగక ప్రయాణింతురు. చక్రములకుర్చీకి వాలుదారి, చదువురానివానికి రంగులచేతను గుర్తులచేతను తెలియు మార్గసూచిక, రాత్రి కడపటి బస్సు పోయినపిమ్మట చిక్కుకొన్న విద్యార్థినికి వెలుతురు గల వేచియుండు గది, ఇవి సభాభవన శిఖరమునకు ముందు గీయవలసినవి.

అమరావతి విషయమున మనకు పూర్వులు చూపిన ఉదాహరణ యొకటి కలదు. అమరావతి చెంతనున్న ధరణికోట త్రవ్వకములలో కృష్ణానదితో కలిసిన కాలువయు, దాని గట్టున పడవలు ఆగు రేవుకట్టడమును బయల్పడినవి. రెండువేల యేండ్లకు పూర్వము, నేటి ధరణికోటయైన ధాన్యకటకమునకు వచ్చిన వర్తకుడును, స్తూపదర్శనార్థియైన యాత్రికుడును దిగినది అట్టి రేవులలోనే. ఆనాటి నగరము తన రేవును ఊరికి వెలుపలికి నెట్టలేదు. నేడు అమరావతి పేరుతో వెలయుచున్న రాజధానికై 2015లో రైతులు భూసమీకరణమున 33,000 ఎకరములకు పైగ అప్పగించిరి. వారిలో ప్రతివానికిని ఆ నగరకేంద్రముపై హక్కు కలదు. కూలికి పోవు వారి పొరుగువారికి, భూమి లేనందున పత్రములలో పేరు లేనివారికి, అంతకంటె ఎక్కువ అవసరము కలదు. విజయవాడ, గుంటూరు, మంగళగిరులనుండి వారు ప్రతిదినము వచ్చిపోవలసినవారే యగుదురు గాని, సచివాలయమున కెదురుగ ఇల్లు కొనగలవారు కారు. బ్రసీలియాలో కూలీలకు చోటు లేని పటము గీయబడిన పిమ్మట ఉపనగరములు వచ్చినవి. ఇచ్చట ఇంకను పటము ఆఱలేదు.

2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము ఎఱ్ఱుపాలెమునుండి అమరావతిమీదుగ నంబూరువఱకు 57 కిలోమీటర్ల రైలుమార్గమును ఆమోదించినది. అందు కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెన యొకటి. మిత్రులారా, ఆ మార్గమున అమరావతి స్టేషను ద్వారమునుండి మొదటి నగరబస్సు నిలుచు చోటికి, అచ్చటినుండి కూరగాయల అంగడికి, ఆసుపత్రికి, మంత్రిత్వశాఖలకు ఎన్ని అడుగులు నడవవలసివచ్చునో, ఆ నడకకు నీడ యుండునో లేదో, స్తంభములకు గుంటలు త్రవ్వుటకు పూర్వమే నిశ్చయింపవలసియున్నది. ఆ బల్లచుట్టును చేరు ఇంజనీర్లలో, అధికారులలో మీరును ఉందురు; ఆ దూరములను కొలబద్దతో కాక, నంబూరు వైపునుండి తెల్లవాఱుజామున బయలుదేరు స్త్రీ నడకతో కొలిచి చెప్పుడు.