నలభై దాటిన స్త్రీ - మోటారు సైకిలు

(బూర్గంపాడులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'స్త్రీలు - సంచార హక్కు'. దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లే హక్కును రాజ్యాంగం 19వ అధికరణ పౌరులందరికీ ఇచ్చింది. ఇది మీకు కొత్త సంగతి కాదు. దీని గురించి నాకంటే ఎక్కువ సభల్లో మీరే మాట్లాడి ఉంటారు. అందుకని ఈ అంశంలో మనం మామూలుగా వదిలేసే ఒక మూల పట్టుకుంటాను. నలభై, యాభై ఏళ్లు దాటిన స్త్రీ మోటారు సైకిలు నడపాలనుకోవడం. ఉద్యోగానికని కాదు, పిల్లల్ని బడిలో దింపడానికని కాదు. నడపడం ఇష్టం గనక నడపాలనుకోవడం.

కొందరు నవ్వుతున్నారు. సహజమే. పోడు పట్టాల గురించి, కూలి రేట్ల గురించి, ఇంట్లో తినే దెబ్బల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఇదేం గోల అనిపిస్తుంది. కానీ ఆ నవ్వులోనే నా ప్రశ్న ఉంది. యాభై ఏళ్ల మగవాడు బుల్లెట్ కొనుక్కుంటే 'షోకు' అంటాం. అదే వయసు స్త్రీ కొనుక్కుంటే 'ఈ వయసులో ఇదేం పిచ్చి' అంటాం. మనమే అంటాం.

స్త్రీ ఇల్లు దాటి ప్రయాణం చేయడాన్ని సమాజం ఎప్పుడు ఒప్పుకుంటుంది? దానివల్ల ఇంకెవరికో ఉపయోగం ఉన్నప్పుడు. ఆ ఉపయోగం తీరగానే బండి తాళం ఆమె చేతిలోంచి పోతుంది. ఉద్యమాల్లో ఉన్న మనం కూడా ఇంతకాలం అవసరం పేరు చెప్పే అడుగుతూ వచ్చాం. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు నీళ్లు తేవడం సులువైంది, సరుకు సంతకు చేరింది అని చెబుతాం. నిజమే. సైకిలు తొక్కుతుంటే వాళ్లకు ఎలా అనిపించిందన్నది మాత్రం చివర్లో ఒక వాక్యం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మనకు టిక్కెట్టు లేదు. ఇది చిన్న విషయం కాదు, దీన్ని ఎవరైనా వెక్కిరిస్తే గట్టిగానే జవాబు చెప్పాలి. అయితే బస్సు దాని వేళకు వస్తుంది, దాని దారిన పోతుంది. ఎక్కడ ఆగాలో మన ఇష్టం కాదు.

మొన్న సారపాకలో ఒక రిటైరైన ఏఎన్ఎంతో మాట్లాడాను. పేరు రాయొద్దంది. ఇరవై ఏళ్లకు పైగా మోపెడ్ మీద గూడేలు తిరిగిన మనిషి. టీకాల డబ్బా ముందు పెట్టుకుని, వాగు అడ్డమొస్తే బండి ఒడ్డున ఆపి నడిచి దాటి. అన్నేళ్లూ ఇంట్లో ఆమె బండి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, జీతం వస్తోంది గదా. రిటైరైన కొద్ది రోజులకే కొడుకు ఆ బండి అమ్మేశాడు. "డ్యూటీ అయిపోయె, ఇంకేడికి పోతవమ్మా" అన్నాడట. కోపంతో కాదు, ప్రేమగానే అన్నాడు. "వాళ్లు డ్యూటీకి పోతున్నదనే అనుకున్నరు. పొద్దున్నే గోదారి గాలికి బండి మీద పోతాంటే నాకెట్ల ఉండేదో నేను ఎవ్వరికీ చెప్పలే" అన్నదామె. అంటే ఇరవై ఏళ్లు తన ఇష్టాన్ని ఉద్యోగం చాటున దాచుకుంది. ఉద్యోగం పోగానే చాటు కూడా పోయింది.

బండి ఎవరి పేరున ఉందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. సంఘం లోను తీసి కొడుక్కి బండి కొనిచ్చిన తల్లులు ఈ హాల్లోనే ఉంటారు. నెలనెలా వాయిదా కట్టేది ఆమె. ఆర్సీ మీద పేరు కొడుకుది, కూర్చునేది వెనక, అదీ ఆసుపత్రికో పెళ్లికో తీసుకెళితే. భూమి పట్టాలో స్త్రీ పేరుండాలని ఎన్నో ఏళ్లుగా కొట్లాడుతున్నాం. బండి కాగితం మీద పేరు గురించి ఒక్క తీర్మానం చేశామా?

వెనక సీటు గురించి ఒక ముచ్చట. వెనక చక్రం పక్కన ఉండే జాలీని 'శారీ గార్డు' అంటాం. అది కంపెనీవాళ్ల దయ కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం, వెనక సీటు ఉన్న ప్రతి మోటారు సైకిలుకూ పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆసరా, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చుట్టుకోకుండా చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. ఆ నిబంధన ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది, దాన్ని తప్పుపట్టను. కానీ గమనించండి. చట్టం స్త్రీని ఊహించుకున్న చోటు వెనక సీటు. ముందు కూర్చుని నడిపే ఆమె కొంగు గురించి, చున్నీ గురించి ఎక్కడా ఆలోచన లేదు.

ఇక 'ఆడవాళ్లకు బలం చాలదు' అనే మాట. దీని మీద కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన బుర్రల్లోకి కూడా ఎక్కింది. పాత బుల్లెట్ ఉదాహరణ తీసుకోండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేది. కిక్ సరిగా కొట్టకపోతే వెనక్కి తన్ని పిక్క వాచేది. అందుకే అది మొగతనానికి గుర్తయిపోయింది. అసలు సంగతేమిటంటే, దాన్ని బలంతో కొట్టేవాడికే దెబ్బ తగులుతుంది. తాళం తిప్పి కిక్‌ను నెమ్మదిగా తొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా ఆగుతుంది. అప్పుడు ఎడమచేతి దగ్గరి చిన్న లివరు నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్‌ను కాస్త జరపాలి. లివరు వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్కసారి తొక్కాలి. అంతే. రోట్లో దంచేటప్పుడు రోకలి బరువును మనం ఎలా వాడుకుంటామో అలాంటి పనే ఇది. సెంటర్ స్టాండు కూడా అంతే. చేతులతో ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. స్టాండు కాళ్లు రెండూ నేలకు ఆనాక మన బరువు దాని మీద వేస్తే బండి దానంతటదే పైకి ఎక్కుతుంది. ఇప్పటి బుల్లెట్ 190 కిలోల పైనే ఉంటుంది, స్ప్లెండర్ 110 పైచిలుకు. రెంటినీ ఎవరూ భుజాన మోయరు. ఇన్నేళ్లూ మనకు అందనిది ఈ కిటుకు. అది మగపిల్లలకు పదిహేనేళ్లకే మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడి ఊరికే అబ్బుతుంది. ఆ షెడ్డు దగ్గర ఆడపిల్ల పది నిమిషాలు నిలబడితే ఊరంతా చూస్తుంది.

వేగం సంగతి ఇంకా ఘోరం. బ్రిటన్ దగ్గర ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో ఏటా ప్రపంచ ప్రసిద్ధి పొందిన మోటారు సైకిలు పందెం జరుగుతుంది. 1962లో బెరిల్ స్వెయిన్ అనే ఆమె 50 సీసీ విభాగంలో ఒంటరిగా పోటీచేసి పందెం పూర్తిచేసింది. అలా ఒంటరిగా నడిపిన మొదటి స్త్రీ ఆమె. బహుమానం ఏమిటో తెలుసా? ఆమె అంతర్జాతీయ పోటీ లైసెన్సు రద్దుచేశారు. ఆ పందెంలో మరో స్త్రీ ఒంటరిగా బండి నడపడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది. అదే పందెంలో మగవాళ్లు ఎంతోమంది చనిపోయారు. దాని కారణంగా మగవాళ్లు పోటీ చేయకూడదని ఎవరూ అనలేదు. స్త్రీ తన ప్రాణానికి తాను పూచీ పడలేదన్న భావన ఇది. మనింట్లో 'నీ మంచికే చెబుతున్నా' అనే గొంతు ఇదే.

తెరిసా వాలక్ అని ఇంకొకామె. 1934 డిసెంబరులో స్నేహితురాలు ఫ్లోరెన్స్ బ్లెంకిరన్‌తో కలిసి లండన్ నుంచి బయల్దేరి, సహారా ఎడారి దాటి, 1935 జూలైలో కేప్‌టౌన్ చేరింది, మోటారు సైకిలు మీద. అయితే నాకు ఆమెలో నచ్చేది ఆ సాహసం కాదు. ఆ తర్వాతి కాలం. అరవై దాటాక అమెరికాలో బండి నేర్పే బడి పెట్టింది. ఎనభై ఎనిమిదో ఏటి దాకా తానే నడిపింది. ఎవరికోసమూ కాదు. వలసల వల్ల తెల్లవాళ్లకు ఆఫ్రికా అంతా తిరిగే వీలు దొరికింది, నిజమే. ఆ మాట మరిచిపోయి ఆమెను పొగడక్కర్లేదు.

మన దగ్గరికి వద్దాం. 2018లో హైదరాబాదు నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ల మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా వెళ్లి వచ్చారు. దాదాపు 17 వేల కిలోమీటర్లు. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ ప్రయాణం మీద పుస్తకం రాశారు. జై భారతి స్థాపించిన మోవో సంస్థ ఇప్పుడు స్త్రీలకు ద్విచక్ర వాహనాలు, ఎలక్ట్రిక్ ఆటోలు నడపడం నేర్పుతోంది. 2019లో బెంగుళూరుకు చెందిన ఐశ్వర్య పిస్సే అంతర్జాతీయ బహాస్ పోటీల్లో స్త్రీల విభాగంలో ప్రపంచ కప్పు గెలిచింది. వీళ్లు నగరాల వాళ్లు, మధ్యతరగతి వాళ్లు, బండి కొనే స్తోమత ఉన్నవాళ్లు అని మీరంటారు. అనాలి కూడా. కానీ పేద స్త్రీకి అవసరం మాత్రమే ఉంటుంది, ఇష్టం డబ్బున్నవాళ్ల సొత్తు అంటే మాత్రం నేను ఒప్పుకోను. గూడెంలో యాభై ఏళ్ల స్త్రీ కొడుకు లేనప్పుడు స్టాండు మీద ఉన్న బండి ఎక్కి కూర్చుని ఊరికే ఎక్సలేటరు తిప్పుతుంటే చూశాను. నన్ను చూసి దిగిపోయింది.

నలభై ఎనిమిదేళ్ల నేను కూడా బండి నడుపుతాను. ఖమ్మం దాకా, వీలైతే ఇంకా దూరం. ఏ పనీ లేకుండా భద్రాచలం వంతెన మీదికి వెళ్లి తిరిగొచ్చిన రోజులున్నాయి. 1965లో రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన ఆ వంతెన మీద వరద కాలంలో గాలి బండిని పక్కకి నెడుతుంది, అప్పుడు హ్యాండిలు బిగించి పట్టకూడదు, వదులుగా పట్టాలి. ఒకసారి ఒక ఆఫీసులో లైసెన్సు రెన్యువలుకు వెళితే "సార్ రాలేదా మేడం" అని అడిగారు. సార్‌కు బండి రాదు అంటే నమ్మలేదు.

శరీరం సంగతి దాచక్కర్లేదు. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గుతుంది, రాత్రి ఎదురు లైట్లకు కళ్లు చెదురుతాయి. మోకాళ్లు ముందే చెబుతాయి. ముట్లుడిగే వయసులో హెల్మెట్ లోపల ఒక్కసారిగా వేడి ఆవిర్లు వస్తే పక్కకు ఆపి నీళ్లు తాగడం తప్ప దారి లేదు. పేపరు మిల్లుకు జామాయిలు కర్ర మోసే లారీల వెనక సాయంత్రం పూట పోవద్దు. కర్ర చివర్లు లారీ బయటికి ఉంటాయి, చీకట్లో కనపడవు. ఇవన్నీ జాగ్రత్తలు. మానేయడానికి కారణాలు కావు.

చట్టం కూడా వయసును బట్టి మానుకోమనలేదు. 2019 సవరణ తర్వాత, ముప్పై నుంచి యాభై లోపు తీసుకుంటే లైసెన్సు పదేళ్లు. యాభై నుంచి యాభై ఐదు లోపు అయితే అరవై నిండేదాకా. యాభై ఐదు దాటితే ఐదేళ్లకోసారి రెన్యువలు. నలభై దాటినవాళ్లకు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, దాన్ని ఫారం 1ఏ అంటారు. పై వయసు ఇంత అని ఎక్కడా లేదు. ఈ నాలుగు ముక్కలూ మీ సంఘాల్లో చెప్పండి. ఏజెంటు చెప్పే రేటు కంటే అసలు ఫీజు చాలా తక్కువ.

సంఘాల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను, చర్చించండి. సంఘం లోనుతో కొన్న బండి ఆర్సీ లోను తీసిన స్త్రీ పేరునే ఉండాలని తీర్మానం చేద్దాం. కొడుకు నడుపుకుంటే నడుపుకోనీ. అమ్మాలంటే ఆమె సంతకం కావాలి.

ఇంకొక్క మాట. రేపు ఉదయం ఆరింటికి మైదానంలో నా బండి ఉంటుంది, పక్కన ఒక పాత మోపెడ్ కూడా. సైకిలు వచ్చినవాళ్లు ముందు రండి, బ్యాలెన్సు వాళ్లకు త్వరగా కుదురుతుంది. హవాయి చెప్పులు వద్దు, బూట్లు లేకపోతే బెల్టు చెప్పులు వేసుకోండి. చీర కట్టుకున్నా ఫరవాలేదు, కొంగు నడుముకు గట్టిగా చుట్టండి. హెల్మెట్లు మూడే ఉన్నాయి, వంతులు వేసుకుందాం.