కట్టినోళ్లను కాదు, ఉండేటోళ్లను అడగాలె

(విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు యూనివర్సిటీ దాకా పోతున్నరు. సంతోషం. కానీ వాళ్లు చదివే గది, పడుకునే గది ఎట్లున్నయో ఎవరన్నా అడిగినారా? బిల్డింగుకు శంకుస్థాపన రోజు ఒక రాయి, ప్రారంభోత్సవం రోజు ఇంకో రాయి. వాటి మీద పెద్దోళ్ల పేర్లుంటయి. అంతటితో లెక్క ముగుస్తది. ఇల్లు కట్టుకున్న పేదోడు మొదటి వానకే ఎక్కడ కారుతుందో చూసుకుంటడు. కోట్లు పెట్టి కట్టినోళ్లు ఎందుకు చూసుకోరు?

చూసుకున్నోళ్లు ఉన్నారు. ఇంగ్లాండులో 1995 నుంచి 2002 దాకా 'ప్రోబ్' అనే పరిశీలన జరిగింది. జనం వాడుతున్న భవనాల్లోకి పోయి కరెంటు, గ్యాసు ఎంత కాలుతుందో కొలిచారు. లోపలుండేవాళ్లకు కాగితాలిచ్చి వేడి, గాలి, వెలుతురు, చప్పుడు ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు వేయమన్నారు. చాలాచోట్ల అసలు ఖర్చు ప్లాను కాగితం మీది లెక్కను దాటిపోయిందని తేలింది.

మంచి మార్కులొచ్చిన వాటిలో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో 1995లో తెరిచిన ఎలిజబెత్ ఫ్రై భవనం ఒకటి. అక్కడ గాలి కాంక్రీటు స్లాబుల లోపలి బోలు గుండా తిరిగి గదుల్లోకి వస్తది. ఆ కాంక్రీటు వేడిని పట్టి ఉంచి మెల్లగా వదులుతది. అయితే తాళం తీసిన రోజే అన్నీ కుదరలేదు. జనం చేరినాక కూడా కొలుస్తూ, లోపాలు దిద్దుతూ పోయారు. అందుకే గ్యాసు ఖర్చు తగ్గింది.

ఆ పరిశీలనలో తేలిన ఇంకో సంగతి వినండి. కిటికీ తెరవడం తన చేతిలో ఉంటే, ఫిర్యాదు చేసినప్పుడు త్వరగా పలికే మనిషి ఉంటే, కొంచెం ఉక్కపోసినా జనం సర్దుకుంటరు. పట్టించుకోకపోవడాన్నే ఓర్చుకోరు.

అక్కడి చలి వేరు, మన ఎండ వేరు. వాళ్ల స్లాబులు మనకెందుకు? వాళ్లు అడిగిన పద్ధతి కావాలె. మే నెల మధ్యాహ్నం పై అంతస్తు గదిలో మనిషి కూచోగలడా? ఎన్ని మరుగుదొడ్లున్నయి, అందులో ఎన్ని పనిచేస్తున్నయి? రాత్రి ఆడపిల్లలు నడిచే దారిలో దీపముందా? కాళ్లు లేని విద్యార్థి లైబ్రరీకి ఎట్ల ఎక్కుతడు?

ఎవరిని అడగాలె? వార్డెన్ ఎదుట నిలబెట్టి అడిగితే స్కాలర్‌షిప్ మీద బతికే పిల్లోడు "బాగుంది సార్" అనే అంటడు. అది సంతృప్తి కాదు, భయం. అందుకే పేరు రాయని కాగితం ఇయ్యాలె. ఊడ్చే అక్కను, వంట మనిషిని, వాచ్‌మన్‌ను కూడా అడగాలె. బిల్డింగు లోపం అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. రక్షణ సామాన్లు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. యంత్రం పోలేని మూల ట్యాంకు కట్టి, ఆ తర్వాత మనోడిని దిగమంటే, ఆ తప్పు ప్లాను గీసిన రోజే మొదలైంది.

ఈ సెలవులకు ఇంటికొచ్చిన మీ పిల్లలను మార్కులొక్కటే అడగొద్దు, గది ఎట్లుందో అడగండి. విద్యార్థి మిత్రులు గదిగదికి తిరిగి లెక్క రాయండి. తేదీ వేసి అధికారులకిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఏడాదికి మళ్లీ అడగండి. ఏం మారిందో ఆ రెండు కాగితాలే చెప్తయి.

జై భీమ్!